పాత సింగర్ మిషన్ షాక్ కొడుతోంది: వైరింగ్ మార్చాలా, మోటార్ తీసేసి చేతి హ్యాండిల్ బిగించాలా?

గుంటూరు_రాధిక

అందరికీ నమస్కారం. మా అమ్మమ్మ వాడిన నల్ల సింగర్ మిషన్ ఇప్పుడు మా ఇంట్లో ఉంది. అడుగున కుడివైపు చెక్కిన నంబరు ఇ, ఎఫ్ అక్షరాలతో మొదలవుతుంది. మొదట్లో అది తొక్కుడు మిషన్. మా అమ్మకి మోకాళ్ళ నొప్పులు వచ్చాక వెనక పక్క ఒక చిన్న మోటార్, కింద పెడల్ పెట్టించారు. మోటార్ మీద కంపెనీ పేరేమీ లేదు. ఇనప స్టాండుని ఎవరో రాయి పలక వేసి టేబుల్‌గా మార్చేశారు, అది ఇప్పుడు మా అన్నయ్య వాళ్ళింట్లో ఉంది, తిరిగి రాదు.

కుట్టేటప్పుడు చక్రం ముట్టుకుంటే చిన్నగా షాక్ కొడుతోంది. టెస్టర్ పెడితే వెలుగుతోంది. వైరు వంచితే పై తొడుగు పెంకుల్లా రాలుతోంది. ప్లగ్ రెండు పిన్నులదే. మా వీధి ఎలక్ట్రీషియన్ "టేపు చుట్టేద్దాం మేడం" అన్నాడు. నాకు ధైర్యం చాలలేదు.

అమ్మ ఇప్పటికీ చీరలకి ఫాల్ కుడుతుంది, జాకెట్లు వదులు చేస్తుంది. మా అమ్మాయి కూడా నేర్చుకుంటానంటోంది. దానికి తొమ్మిదేళ్ళు. మోటార్ పూర్తిగా పీకేసి చేతి హ్యాండిల్ పెట్టించుకుంటే కరెంటు బాధే ఉండదు కదా అనిపిస్తోంది. తెలిసినవాళ్ళు చెప్పండి.

కరెంటు_కృష్ణ

రాధిక గారూ, ముందు ఆ ప్లగ్ పీకి పక్కన పెట్టండి. స్విచ్ ఆఫ్ చేస్తే చాలదు. రెండు పిన్నుల ప్లగ్‌ని ఎటు తిప్పైనా పెట్టొచ్చు కాబట్టి, మీ పెడల్ ఒక్కోసారి ఫేజ్‌ని ఆపుతుంది, ఒక్కోసారి న్యూట్రల్‌ని ఆపుతుంది. రెండో పద్ధతిలో పెట్టినప్పుడు పెడల్ మీద కాలు లేకపోయినా, మోటార్ తిరగకపోయినా, మోటార్ లోపలిదాకా ఫేజ్ వచ్చి కూర్చునే ఉంటుంది. మిషన్ బాడీ మొత్తం పోత ఇనుము, పైన ఉన్నది కాస్త పెయింటు.

టేపు మాట మర్చిపోండి. పాత రబ్బరు తొడుగు ఒకచోట పగిలిందంటే పొడుగునా పగలడానికి సిద్ధంగా ఉన్నట్టే. పైకి కనిపించేచోట టేపు వేస్తే కనిపించనిచోట తగులుతూనే ఉంటుంది.

టెస్టర్ వెలిగినంత మాత్రాన మోటార్ పోయినట్టు కాదు. అతి తక్కువ లీకేజీకి కూడా అది వెలుగుతుంది. లీకు ఎక్కడుందో తేల్చాలి. మెగ్గర్ (కరెంటు బాడీకి లీకవుతోందో లేదో కొలిచే మీటరు) ఉన్న ఎలక్ట్రీషియన్‌ని పిలవండి, మోటార్ వైండింగ్ షాపుల్లో తప్పకుండా ఉంటుంది. ప్లగ్ రెండు పిన్నులూ కలిపి ఒకవైపు, మిషన్ బాడీ (గోకిన చోట, పెయింటు మీద కాదు) రెండోవైపు పెట్టి 500 వోల్టుల మీద చూడమనండి. ఒక మెగా ఓమ్ కన్నా తక్కువ చూపిస్తే అలా వాడకూడదు. తరవాత వైరు విప్పి మోటార్ ఒక్కదాన్నీ, పెడల్ ఒక్కదాన్నీ విడివిడిగా చూడాలి. నేను చూసినవాటిలో ఎక్కువసార్లు దొంగ వైరే, మోటార్ కాదు.

నూలుకండె

ఇంత తంటా ఎందుకండీ? ఆ పాత ఇనుము అమ్మేసి ఒక కొత్త ప్లాస్టిక్ బాడీ మిషన్ కొనుక్కోండి. తేలిక, జిగ్‌జాగ్ కూడా వస్తుంది.

టైలరక్క

నూలుకండె గారు ఎప్పుడూ జీన్స్ ప్యాంటు అంచు మడిచి కుట్టలేదనుకుంటా. ఆ తేలిక మిషన్లు నాలుగు పొరలు రాగానే మూలుగుతాయి. మా షాపులో జిగ్‌జాగ్‌కి ఒకటి ఉంది, మిగతా పనంతా నల్ల మిషన్ల మీదే. రాధికమ్మా, నీ మిషన్ మాత్రం అమ్మేయొద్దు.

ఇక చేతి హ్యాండిల్ సంగతి. పాపకి నేర్పడానికి దాన్ని మించింది లేదు. హ్యాండిల్ ఒక చుట్టు తిప్పితే సుమారు మూడు కుట్లు పడతాయి. ఆపితే అక్కడికక్కడ ఆగిపోతుంది. మోటార్ మీద పిల్లలు కాలు వేస్తే మొదటి రోజే సూది వేలు మీదకి వస్తుంది, ఎంత చెప్పినా పెడల్‌ని అదిమి తొక్కుతారు.

కానీ అమ్మగారి పనికి వద్దంటాను. కుడిచెయ్యి హ్యాండిల్‌కి పోతే గుడ్డని నడిపించడానికి ఎడమచెయ్యి ఒక్కటే మిగులుతుంది. తిన్నగా పోయే కుట్టుకి ఫరవాలేదు. చంక గుండ్రం, చెయ్యి అతుకు వేసేటప్పుడు రెండు చేతులూ గుడ్డ మీదే ఉండాలి. ఫాల్ అయితే కుట్టు తిన్ననిదే, కాకపోతే చీర పొడుగంతా తిప్పేసరికి ఈ వయసులో భుజం పట్టేస్తుంది. మోకాళ్ళు బాగుండి స్టాండు దగ్గరుంటే తొక్కుడుకే పొమ్మనేదాన్ని. ఆ స్టాండుని టేబుల్ చేసినవాళ్ళని ఏమనాలో తెలియట్లేదు. హోటళ్ళలో కూడా అవే టేబుళ్ళు. చూసినప్పుడల్లా ప్రాణం ఉసూరుమంటుంది.

మిషన్‌మావయ్య

మంచి ప్రశ్న. హ్యాండిల్ పడుతుందా లేదా అన్నది రెండు విషయాల మీద ఆధారపడి ఉంటుంది. రాధికమ్మ వెళ్ళి చూసి చెప్పాలి.

ఒకటి, చక్రం పక్కనే మిషన్ స్తంభానికి వెనకవైపు మరమేకు రంధ్రం ఉన్న చిన్న గుబ్బ ఉంటుంది. మీ మోటార్ బ్రాకెట్ దానికే బిగించి ఉండాలి. హ్యాండిల్ బిగించేది కూడా ఆ గుబ్బకే, ఆ బోల్టుతోనే. బాగా పాత మిషన్లలో కొన్నిటికి ఈ గుబ్బే ఉండదు, వాటికి హ్యాండిల్ పెట్టే దారి లేదు. మీకు మోటార్ పట్టిందంటే గుబ్బ ఉన్నట్టే, రంధ్రం చేసి క్లాంపు వేసి ఏదో అడ్డదిడ్డంగా బిగించకపోతే.

రెండు, చక్రానికి ఆకులు ఉండాలి. అంటే సైకిల్ చక్రంలా నడుమ ఖాళీలుండాలి. హ్యాండిల్‌కి ఉన్న వేలు లాంటి ముక్క ఆ ఖాళీలో దూరి, ఆకుని తోసి చక్రాన్ని తిప్పుతుంది. మీది మూసుకుపోయిన పళ్ళెం లాంటి చక్రమైతే ఆకుల చక్రం విడిగా కొని మార్చుకోవాలి. మన దేశంలో తయారైన నల్ల మిషన్లు చాలావరకు సింగర్ 15 క్లాస్ నమూనాలోనే చేసినవి. మీది కూడా ఆ క్లాసే అయితే చక్రం, బాబిన్ కేసు, హ్యాండిల్ అన్నీ దొరుకుతాయి. లూధియానా సరుకు దేశమంతా వస్తుంది, విదేశాల్లో పాత మిషన్లు బాగుచేసేవాళ్ళు కూడా అక్కడ చేసిన హ్యాండిళ్ళే తెప్పించుకుంటారు.

కొత్త హ్యాండిల్ వచ్చిన రోజే బిగించకండి. విప్పండి. పళ్ళ చక్రాల్లో ఇసక, పోత గరుకు, ఏదో జిడ్డు ఉంటాయి. కిరసనాయిల్‌తో కడిగి ఆరనిచ్చి గ్రీజు రాయండి. చక్రానికి తగిలే ఆ వేలుకి చిన్న తోలు ముక్క చుట్టండి, లేకపోతే తిప్పినంతసేపూ టకటకమంటుంది. పాత అసలు హ్యాండిల్ దొరికితే దానికీ కొత్తదానికీ నునుపులో తేడా చేతికే తెలుస్తుంది. పాత సామాను షాపులో కనిపిస్తే వదలకండి.

తిప్పే దిక్కు గుర్తుంచుకోండి. హ్యాండిల్‌ని మీ నుంచి దూరంగా, ముందుకి తిప్పాలి. మధ్యలో పళ్ళ చక్రాలు ఉండటం వల్ల పెద్ద చక్రం పైభాగం మాత్రం మీ వైపే వస్తుంది.

నంబరు గురించి ఒక మాట. ఇ తో మొదలయ్యే రెండక్షరాలంటే 1935 లేదా ఆ తరవాత స్కాట్లాండ్‌లోని క్లైడ్‌బ్యాంక్ ఫ్యాక్టరీలో పోసిన మిషన్. ఆ ఫ్యాక్టరీ 1980లో మూతపడింది. అక్కడి రైల్వే స్టేషన్ పేరు మాత్రం ఇప్పటికీ సింగరే. మోడల్ పేరు పక్కన కె అని ఉంటే అది ఆ ఊరి గుర్తు.

గుంటూరు_రాధిక

మావయ్య గారూ, ఇప్పుడే టార్చి వేసి చూశాను. చక్రానికి ఆకులు ఉన్నాయి. మోటార్ బ్రాకెట్ మీరు చెప్పిన గుబ్బకే ఒక పెద్ద బోల్టుతో ఉంది. మెగ్గర్ ఉన్నాయన ఆదివారం వస్తానన్నాడు. హ్యాండిల్, మోటార్ రెండూ ఒకేసారి ఉంచుకోవడం కుదరదా?

మిషన్‌మావయ్య

ఒకే గుబ్బ కాబట్టి ఒకసారి ఒకటే. కానీ బోల్టు ఒక్కటే గదమ్మా. బెల్టు తప్పించి, మోటార్ దించి, హ్యాండిల్ ఎక్కించడం పెద్ద పనేం కాదు. మీ చక్రం రెండింటికీ పనికొస్తుంది. మోటార్ పారేయకండి, అంతే.

డాలస్_వేణు

ఈ చర్చ చూస్తే ప్రాణం లేచొచ్చింది. నాది వేరే రకం తలనొప్పి, ఇదే చోట అడగొచ్చనుకుంటున్నా. మా అత్తగారి సింగర్ 201ని హైదరాబాద్ నుంచి డాలస్ తెచ్చుకున్నాం. దీనికి బెల్టు లేదు. మోటార్ స్తంభానికి అతుక్కుని ఉండి, లోపల పళ్ళ చక్రంతోనే మిషన్ని తిప్పుతుంది. ఇక్కడి 120 వోల్టులకి ఒక అడాప్టర్ పెట్టి చూస్తే ముసలెద్దులా కదిలింది. పలచటి గుడ్డ కుడుతుంది, రెండు పొరలు రాగానే ఆగిపోతుంది. వైర్లు మోటార్ లోకి పోయేచోట రబ్బరు పొడి పొడి అయిపోయింది. దీనికి హ్యాండిల్ పెట్టొచ్చా?

మిషన్‌మావయ్య

వేణూ, ఆ రకానికి కుదరదు. గుబ్బ ఉండాల్సిన చోట మోటారే ఉంది. 201లోనే చేతి హ్యాండిల్ రకం, తొక్కుడు రకం, బెల్టు మోటార్ రకం వేరువేరుగా వచ్చాయి. మీకొచ్చింది మోటార్ లోపల ఇమిడిపోయిన రకం. 15 క్లాస్‌లో 15-91 కూడా ఇంతే. కుట్టు నాణ్యతకి 201 రాజు లాంటిది. వైరింగ్ చేయించుకోవడం తప్ప వేరే దారి వెతకొద్దు.

కరెంటు_కృష్ణ

వేణు గారూ, నెమ్మదిగా తిరగడానికి కారణం వోల్టేజీయే. 230 వోల్టులకి చుట్టిన మోటార్‌కి సగం వోల్టేజీ ఇస్తే బలం రాదు. మోటార్ ఏసీ, డీసీ రెండింటికీ తిరిగే యూనివర్సల్ రకం కాబట్టి 50 హెర్ట్జా 60 హెర్ట్జా అన్నది పట్టించుకోనక్కర్లేదు. 120ని 230కి పెంచే ట్రాన్స్‌ఫార్మర్ కావాలి. మిషన్ పలక మీద రాసిన వాటేజీకి రెట్టింపు సామర్థ్యం ఉన్నది తీసుకోండి. మీరు వాడుతున్న అడాప్టర్ పిన్నుల ఆకారం మారుస్తుందంతే, వోల్టేజీ మార్చదు. దీనికి తిరగబడ్డ పొరపాటే ప్రమాదం. అమెరికా నుంచి 110 వోల్టుల మిషన్ తెచ్చి ఇక్కడ గోడకి నేరుగా పెడితే పొగే.

వైర్లు లోపల వరకూ మార్చాలి. బయట కోసి కొత్త ముక్క అతికిస్తే లోపల పొడైపోయిన భాగం అలాగే మిగిలిపోతుంది. మోటార్ విప్పితే బయటి వైరు ఫీల్డ్ కాయిల్ వైరుకి అతికిన చోటు కనిపిస్తుంది. కాయిల్ నుంచి వచ్చే వైరు చాలా సన్నం. లాగితే మొదట్లోనే తెగుతుంది, తెగితే వైండింగ్ షాపుకే. ఆ అతుకు దగ్గరే పాత సోల్డర్ కరిగించి, కొత్త వైరు సోల్డర్ చేసి, హీట్ ష్రింక్ స్లీవ్ వేయండి. స్లీవ్ ముందే వైరుకి ఎక్కించి ఉంచుకోవాలి సుమా.

డాలస్_వేణు

ధన్యవాదాలు అన్నా. మోటార్‌కి రెండు చిన్న గొట్టాలున్నాయి, వాటిల్లో నూనె పోయొచ్చా?

మిషన్‌మావయ్య

పోయొద్దు! అవి గ్రీజు గొట్టాలు. లోపల వత్తులు ఉంటాయి, మోటార్ వేడెక్కినప్పుడు గ్రీజు కరిగి వత్తి ద్వారా బేరింగుకి చేరుతుంది. నూనె పోస్తే కారి కమ్యుటేటర్ మీదకీ కాయిల్ మీదకీ పోతుంది. కార్లకి వాడే లిథియం గ్రీజు కూడా పనికిరాదు, ఆ వేడికి అది కరగదు. ఈ మోటార్ల కోసమని అమ్మే మెత్తటి గ్రీజు మీ దగ్గర తేలిగ్గా దొరుకుతుంది. విప్పినప్పుడు పాత ఎండిన గ్రీజు తీసేసి వత్తులు మార్చేయండి.

విశాఖ_సుబ్బు

మధ్యలో దూరుతున్నందుకు క్షమించాలి. మా పెదనాన్న ఇంగ్లండ్ నుంచి తెచ్చిన మిషన్ ఒకటుంది. ప్లగ్ పెట్టి స్విచ్ వేయగానే పెడల్ ముట్టుకోకుండానే ఫుల్ స్పీడులో పరిగెడుతోంది. మా ఆవిడ దయ్యం పట్టిందంటోంది.

కరెంటు_కృష్ణ

దయ్యం కాదు, కెపాసిటర్. ఇంగ్లండ్ పెడళ్ళలో రేడియోకి గరగర రాకుండా ఒక చిన్న కెపాసిటర్ పెట్టేవారు. దశాబ్దాలు గడిచాక అది లోపల షార్ట్ అవుతుంది. అప్పుడు కరెంటు పెడల్‌ని దాటేసి నేరుగా మోటార్‌కి పోతుంది. ప్లగ్ పీకి, పెడల్ అడుగు విప్పి చూడండి. చిన్న గొట్టమో డబ్బానో కనిపిస్తుంది. దాన్ని కత్తిరించి తీసేసినా మిషన్ మామూలుగా నడుస్తుంది. మార్చాలనుకుంటే ఏసీ మెయిన్స్‌కి పనికొచ్చే ఎక్స్2 రకమే వేయాలి. హైదరాబాద్‌లో ఉంటే కోఠి గుజరాతీ గల్లీలో దొరుకుతుందని చెప్పేవాణ్ణి, వైజాగ్‌లో ఏ ఎలక్ట్రానిక్స్ షాపులోనైనా అడగండి.

అందులోనే పింగాణీ గొట్టాల్లో నల్లటి కార్బన్ బిళ్ళలు పేర్చి ఉంటాయి. కాలితో నొక్కితే బిళ్ళలు దగ్గరై నిరోధం తగ్గుతుంది, స్పీడు పెరుగుతుంది. అవి చెదరకుండా చూసుకోండి. చాలాసేపు నెమ్మదిగా కుడితే ఆ పెడల్ వేడెక్కడం మామూలే.

గుంటూరు_రాధిక

ఆదివారం మెగ్గరాయన వచ్చి వెళ్ళాడు. మోటార్ ఒక్కదాన్నీ చూస్తే 20 మెగా ఓమ్‌ల పైనే చూపించింది. పెడల్ కూడా బాగానే ఉంది. వైరుతో కలిపి చూస్తే మాత్రం ముల్లు దాదాపు సున్నా దగ్గరికి పడిపోయింది. బ్రాకెట్ కింద వైరు నలిగి, రాగి తీగ నేరుగా ఇనుముకి తగులుతోంది. కృష్ణ గారు చెప్పినట్టు వైరే దొంగ. కార్బన్ బ్రష్షులు అరిగి పొట్టిగా అయ్యాయని కొత్తవి వేశాడు.

ఇంకో చిక్కు చెప్పాడు. మా ఇల్లు పాతది. మిషన్ పెట్టే గదిలో మూడు రంధ్రాల సాకెట్ ఉంది కానీ పైన పెద్ద రంధ్రం వెనక వైరే లేదట. అలంకారానికి ఉంది.

కరెంటు_కృష్ణ

మన ఊళ్ళలో సగం ఇళ్ళ కథ ఇదే. రాధిక గారూ, మిషన్ వైరింగ్ కన్నా ఇది ముందు చేయించండి. ఎర్తు లేకుండా మూడు పిన్నుల ప్లగ్ పెట్టినా రెండు పిన్నులదానితో సమానం. ఎర్తు గుంట నుంచి బోర్డుకి, బోర్డు నుంచి ఆ సాకెట్‌కి వైరు లాగించండి. దాంతోపాటు మెయిన్ దగ్గర 30 మిల్లీ ఆంపుల ఆర్‌సీసీబీ పెట్టించండి. లీకు ఆ హద్దు దాటగానే కళ్ళు మూసి తెరిచేలోపు కరెంటు తెగిపోతుంది. పాప కూర్చునే చోటు కాబట్టి ఖర్చు చూసుకోవద్దు.

ఇక మిషన్ వైరు. 0.75 చదరపు మిల్లీమీటర్ల మూడు తీగల మెత్తటి వైరు తీసుకోండి. ఫేజ్ ముందు పెడల్‌కి వెళ్ళి, అక్కణ్ణుంచి మోటార్‌కి రావాలి. న్యూట్రల్ నేరుగా మోటార్‌కి. ఆకుపచ్చ తీగ చివర గుండ్రటి లగ్ వేసి మోటార్ బ్రాకెట్ బోల్టు కింద బిగించాలి, కింద పెయింటు కాస్త గోకి. పెడల్ డబ్బా ఇనపదైతే దానికీ ఎర్తు ఇవ్వాలి. వైరు లాగితే జాయింటు మీద బరువు పడకుండా లోపల ఒక క్లాంపు ఉండాలి, మళ్ళీ బ్రాకెట్ కింద నలగకుండా పక్కనుంచి తీసుకెళ్ళాలి. అన్నీ అయ్యాక ప్లగ్ పెట్టకుండానే మల్టీమీటర్‌తో ఎర్తు పిన్నుకీ, సూది పట్టే కడ్డీకీ మధ్య చూడమనండి. దాదాపు సున్నా ఓమ్‌లు రావాలి.

మొదటిసారి కరెంటు ఇచ్చేటప్పుడు సిరీస్ బల్బు బోర్డు మీద ఇవ్వమనండి. 100 వాట్ల మామూలు బల్బు మోటార్‌తో వరసలో ఉంటుంది. షార్ట్ ఉంటే బల్బు నిండుగా వెలుగుతుంది, మోటార్ కదలదు, ఫ్యూజు కూడా పోదు. అంతా బాగుంటే బల్బు మసకగా వెలిగి మోటార్ నెమ్మదిగా తిరుగుతుంది.

గుంటూరు_రాధిక

సరేనండీ, అలాగే రాసుకున్నాను. హ్యాండిల్ కూడా తెప్పించాను. బెల్టు తప్పించి చేత్తో చక్రం తిప్పితే మాత్రం బిగుసుగా ఉంది. అమ్మని అడిగితే మధ్యలో మిషన్ నూనె లేనప్పుడు కొబ్బరినూనె వేశానంది.

మిషన్‌మావయ్య

కొబ్బరినూనె! ప్రతి ఊళ్ళో ఇదే. అది కొన్నాళ్ళకి బంకగా మారి కీళ్ళన్నీ పట్టేస్తుంది. పైన, కింద, ముఖం పలక లోపల ఎక్కడెక్కడ నూనె రంధ్రం ఉందో అక్కడల్లా రెండు చుక్కలు కిరసనాయిల్ వేసి, చక్రం ముందుకీ వెనక్కీ ఆడించండి. గోధుమరంగు మురికి కారుతుంది, తుడుస్తూ ఉండండి. ఒక రాత్రి వదిలేసి పొద్దున మళ్ళీ చేయండి. మోటార్ తీసి దూరంగా పెట్టాకే ఈ పని. తేలికయ్యాక ప్రతి రంధ్రంలో అసలు మిషన్ నూనె తప్పనిసరి. కిరసనాయిల్ కడుగుతుంది తప్ప నూనె పని చేయదు, అలా వదిలేస్తే ఇనుము అరుగుతుంది.

బాడీ మీద బంగారు రంగు బొమ్మల జోలికి థిన్నర్, స్పిరిట్ తీసుకెళ్ళకండి. వాటి మీద పూత లక్కది, స్పిరిట్‌కి కరిగిపోతుంది. మిషన్ నూనెతో తడిపిన మెత్తటి గుడ్డ చాలు.

చక్రం మధ్యలో గుండ్రటి మర విప్పి శుభ్రం చేస్తే, లోపల ఉన్న చిన్న వాషర్ ఏ వైపు ఉందో చూసి మళ్ళీ అలాగే పెట్టండి. బిగించాక చక్రం తిరుగుతూ సూది కదలకపోతే, లేదా బాబిన్ చుట్టేటప్పుడు మర వదులు చేసినా సూది ఆడుతుంటే, వాషర్‌ని సగం చుట్టు తిప్పి పెట్టండి. సరిపోతుంది.

నూలుకండె

చూస్తుంటే నాకే ఒకటి కొనాలనిపిస్తోంది. యంత్రాలంటే అంతగా వ్యతిరేకించిన గాంధీ గారు కూడా 1924లో సింగర్ మిషన్‌కి మినహాయింపు ఇచ్చారు. ఇక నేనెంత. మా వీధిలో ఒకాయన ఆకుల చక్రం ఉన్నది అమ్ముతున్నాడు, తీసుకోనా?

టైలరక్క

చక్రం తిప్పి చూడకుండా, సూది పలక తీసి లోపల తుప్పు చూడకుండా డబ్బు ఇవ్వకండి. బాబిన్ కేసు ఉందో లేదో కూడా.

గుంటూరు_రాధిక

ఎర్తు వచ్చింది, ఆర్‌సీసీబీ పెట్టించాం, వైరు మారింది. అమ్మ మోటార్ మీద రెండు ఫాల్స్ కుట్టింది, షాక్ లేదు. సాయంత్రం మోటార్ దించి హ్యాండిల్ ఎక్కించాం. పాప తిప్పుతోంది కానీ గుడ్డ అడుగున దారం ఉండలు ఉండలుగా వస్తోంది. బాబిన్ టెన్షన్ మర తిప్పనా?

టైలరక్క

బాబిన్ మర ముట్టుకోకు తల్లీ. అడుగున ఉండలు వస్తే తప్పు పైదారానిది. మిషన్ పాదం (సూది దగ్గర గుడ్డని అదిమిపట్టే ముక్క) కిందికి దించి ఉంచి దారం ఎక్కించి ఉంటారు. అప్పుడు టెన్షన్ బిళ్ళలు మూసుకుని ఉంటాయి, దారం వాటి మధ్యకి పోదు. పాదం పైకెత్తి మొదటినుంచీ మళ్ళీ ఎక్కించండి. కుట్టు మొదలుపెట్టేటప్పుడు రెండు దారాల కొసలూ వెనక్కి లాగి వేలితో పట్టుకోమనండి. పాప హ్యాండిల్‌ని వెనక్కి తిప్పుతోందేమో కూడా చూడండి, పిల్లలు ఆపేటప్పుడు అలా అర చుట్టు వెనక్కి తిప్పేస్తారు, దారం షటిల్‌లో చిక్కుకుంటుంది. అదీ కాకపోతే సూది మార్చండి. కాటన్‌కి 14 నంబరు. పాతది ఎంత బాగున్నట్టు కనిపించినా సరే.